డైట్ నాది, అలక అనుకున్నది మామ

మొన్నీమధ్య నేను చేసిన ఘనకార్యం ఒకటి చెప్తాను, నవ్వితే నవ్వండి గానీ మధ్యలో ఆపకండి. బరువు తగ్గుదామని అన్నం మానేశాను. నా బరువు సంగతి తర్వాత, ముందు మా రూంలో ఒక పెద్దమనిషి నిద్ర మానేశాడు. అది కూడా నా వల్లే అని చాలా ఆలస్యంగా తెలిసింది.

మాది సౌదీలో, రాస్ తనూరాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపు. నేను ఏసీ టెక్నీషియన్ని. రూంలో ఐదుగురం, అందరం జగిత్యాల చుట్టుపక్కల వాళ్లమే. వంట మాత్రం భూమన్న మామది. నాకు వరసకేమీ మామ కాదు, క్యాంపులో ఆయన అందరికీ మామే. డ్యూటీలో నాకు జోడీ, రూంలో మాకు అమ్మ. మిగతా రూముల్లో వంట వంతులవారీగా చేసుకుంటారు. మా రూంలో ఎవరైనా గంటె పట్టుకుంటే మామ ఊరుకోడు.

మామ గల్ఫ్ యుద్ధం కంటే ముందే ఇక్కడికి వచ్చాడు. అప్పుడు ఖోబర్‌లో ఉండేవాడట. సైరన్ మోగితే అందరూ మాస్కులు పట్టుకుని పరుగెత్తేవాళ్లట, మామ మాత్రం స్టవ్ ఆపేసి, అన్నం గిన్నె మీద మూత సరిగ్గా పడిందో లేదో చూసి మరీ వెళ్లేవాడట. "బాంబు పడితే పడె, అన్నంల దుమ్ము పడొద్దు గద" అంటాడు ఇప్పటికీ. నేను కొత్తగా వచ్చిన రోజు బస్సు దిగి బిక్కమొహం వేసుకుని నిలబడితే, పేరు కూడా అడగకుండా అన్నం, పచ్చిపులుసు పెట్టినవాడు ఆయనే. అలాంటి మనిషి ఈ మధ్యే ఎగ్జిట్ పెట్టుకున్నాడు. నెలాఖరుకు ఇంటికి, ఇక తిరిగి రావడం లేదు.

సరిగ్గా ఆ నెలలోనే నాకు ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టింది.

అసలు కథ ఒక సీలింగులో మొదలైంది. ఫాల్స్ సీలింగ్‌లో లీకేజీ చూద్దామని మ్యాన్‌హోల్ మూత తీసి పైకి దూరాను. దూరేటప్పుడు బాగానే దూరాను. దిగేటప్పుడు పొట్ట దగ్గర ఆగిపోయాను. కాళ్లు కింద గాలిలో, తల పైన చీకట్లో. కింద నుంచి మామ నా కాళ్లు పట్టుకుని గుంజుతున్నాడు, నేను పైన ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటున్నాను. ఎట్లాగో ఊడిపడ్డాను. ఆ సాయంత్రం అందరూ టీవీ ముందు కూర్చున్నప్పుడు మామ మొదలుపెట్టాడు.

"ఇయ్యాల గంగారాంను రెండు ముక్కలు జేసి తీసుడే అనుకున్న. కింది ముక్క నాకు దొరికింది, పై ముక్క కంపెనీకి ఇడిసిపెడదామనుకున్న."

అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నిజం చెప్పాలంటే ఆ మాట నాకు తగిలింది.

మర్నాడు క్యాంపు క్లినిక్‌కి వెళ్లాను. డాక్టర్ రక్తపరీక్ష కాగితం చూసి, నా పొట్ట చూసి, మళ్లీ కాగితం చూశాడు. షుగర్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది, ఇంకా లోపలికి రాలేదు అన్నట్టు చెప్పాడు. "రైస్ ఖలాస్, ఖుబ్జ్ ఖలాస్, చాయ్‌లో సుక్కర్ ఖలాస్" అన్నాడు. అన్నం, రొట్టె, చాయ్‌లో చక్కెర, ఒక్క నిమిషంలో నా జీవితంలో ఉన్న మూడు సుఖాలూ ఖలాస్. బయటికొచ్చి సెల్‌లో వీడియోలు చూశాను. దాన్ని లో-కార్బ్ అంటారని, గుడ్లు, మాంసం, చీజ్, ఆకుకూరలు ఎంతైనా తినొచ్చని, అన్నం మాత్రం మెతుకు కూడా ముట్టొద్దని అర్థమైంది.

రూంలో ఎవరికీ చెప్పలేదు. ఎందుకంటే ఇంతకుముందు రెండుసార్లు చెప్పి చెడిపోయాను. ఒకసారి జిమ్‌లో చేరుతున్నానని చాటింపు వేశాను, ఇంకోసారి వాకింగ్ కోసం బూట్లు కొన్నాను. ఆ బూట్లు ఇప్పుడు బాత్రూం కడగడానికి వేసుకుంటున్నాం. అందుకని ఈసారి పొట్ట తగ్గాకే నోరు విప్పుదామని ఒట్టు పెట్టుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

మొదటి రోజు రాత్రి మామ ప్లేట్‌లో అన్నం పెట్టబోతే చేయి అడ్డం పెట్టాను.

"ఆకలి లేదు మామా."

"కడుపుల మంచిగ లేదా?"

"మంచిగనే ఉంది. ఊరికెనే."

మీకు తెలియంది కాదు. మన దగ్గర 'నేను అన్నం తినను' అన్నవాణ్ని ఒంట్లో బాగాలేదా అని ఒక్కసారే అడుగుతారు. ఒంట్లో బాగానే ఉందంటే ఇక మిగిలింది అలకే. చిన్నప్పుడు మనమంతా అదే ఆయుధం వాడి పెరిగిన వాళ్లమే కదా. మామ ఇంకేం అడగలేదు. టీవీ ముందు తాను వేసిన జోక్ గుర్తు చేసుకుని, దీన్ని దానికి ముడేసుకున్నాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పుడు నేను ఉడకబెట్టిన గుడ్లు దుప్పటి కింద పెట్టుకుని, అందరూ కూరలో మునిగిపోయి ఉండగా ఒక్కొక్కటే మింగే పనిలో ఉన్నాను.

ఈ లో-కార్బ్‌లో ఇంకో తిరకాసు ఉందని ఎవరూ చెప్పలేదు. మొదటి వారం తల పగిలిపోతుంది. కోపం ముక్కు మీదే కూర్చుంటుంది. సైట్‌లో టీ అమ్మే బంగ్లాదేశీ కుర్రాడు "చీనీ?" అని చక్కెర గురించి అడిగినా నాకు తిట్టినట్టే వినిపించేది. ఒకరోజు నిచ్చెన మీద ఉండగా మామ "స్క్రూడ్రైవర్ ఇయ్యాల్నా?" అన్నాడు. "నాకు చేతులు లేవా?" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎందుకొచ్చిందో నాకే తెలియదు. నా నోటితో మాట్లాడింది చక్కెర లేని చాయ్. ఆ సంగతి మామకెట్లా తెలుస్తుంది? మెల్లగా స్క్రూడ్రైవర్ నిచ్చెన మెట్టు మీద పెట్టి పక్కకెళ్లిపోయాడు.

ఇక అక్కణ్నుంచి మామ నన్ను మంచి చేసుకునే ప్రయత్నం మొదలుపెట్టాడు. ఆయనకు తెలిసిన దారి ఒక్కటే, వంట. ఒకరోజు పప్పుచారు పెట్టి, నాకు ఇష్టమని అడుగు మాడిన అన్నం విడిగా తీసి ఉంచాడు. వద్దన్నాను. ఇంకోరోజు డ్యూటీ నుంచి వచ్చీరాగానే సర్వపిండి చేశాడు. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు వేసి, గిన్నెకు ఒత్తి, మూత పెట్టి సన్నటి మంట మీద కాల్చిన సర్వపిండి. ఆ వాసనకు పక్క రూం వాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నేను బాత్రూంలోకి వెళ్లి నల్లా తిప్పి, ఆ చప్పుడులో కూర్చున్నాను. మరోరోజు పరమాన్నం. పాపం, ఆ మనిషి నాతో రాజీ కోసం పంపిన రాయబారాలన్నీ బియ్యంతో చేసినవే. నేను ఒక్కోదాన్నీ వెనక్కి పంపుతున్నాను. ప్రతిసారీ మామ ముఖం ఇంకాస్త చిన్నదవుతోంది. నేనేమో పొట్ట చిన్నదవుతోందా లేదా అని అద్దంలో చూసుకుంటున్నాను.

మధ్యలో కబ్సా గొడవ ఒకటి. మా సౌదీ సూపర్‌వైజర్‌కి కొడుకు పుట్టాడని టీం మొత్తానికి కబ్సా లంచ్ పెట్టించాడు. పెద్ద పళ్లెం నిండా అన్నం, దాని మీద కోళ్లు. నలుగురికి ఒక పళ్లెం, ఎవరి ముందున్నది వాళ్లు తినాలి. నా ముందున్న అన్నం నేను ముట్టుకోలేదు. పైనున్న కోడి మాత్రం ఒక పక్క నుంచి వలుచుకుంటూ, మాటల్లో పడి రెండో పక్కకు కూడా వెళ్లిపోయాను. పక్కన కూర్చున్నది ఖాదర్, మా క్యాంపు వ్యాన్ డ్రైవర్, కడప అబ్బాయి.

"ఏందప్పా గంగారామూ, కోడంతా నువ్వే తింటాండావే. మేము ఎముకలు ఏరుకోవల్లనా?"

చూస్తే నిజంగానే పళ్లెంలో మిగిలినవి ఎముకలు. అవతలి వైపు కూర్చున్న మామ నన్నే గమనిస్తున్నాడు. వీడు కోడి తింటున్నాడు, అన్నం ముట్టడం లేదు అని చూశాడు. అంటే ఆకలి లేక కాదు, అలిగే తినడం లేదని ఆయనకు ఇక రూఢి అయిపోయింది.

ఆ గురువారం సాయంత్రం మామ ఇంటికి తీసుకెళ్లే దుప్పట్లు, అత్తర్లు కొనుక్కోవాలని ఖాదర్ వ్యాన్‌లో మార్కెట్‌కి బయల్దేరాడు. "నువ్వు గూడ రా బిడ్డా" అని నన్ను పిలిచాడు. "తలనొప్పి మామా, పడుకుంటా" అన్నాను. వాళ్లటు పోగానే లేచి, వేరే వాళ్ల కారులో నేనూ మార్కెట్‌కే వెళ్లాను. బొగ్గుల మీద కోడి కాల్చే కొట్టు ఒకటుంది అక్కడ. మూల టేబుల్ చూసుకుని మొత్తం కోడి చెప్పాను. దాంతో పాటు ఇచ్చిన రొట్టెలు పక్కకు నెట్టేసి, రెండు చేతులతో పని మొదలుపెట్టాను. కాలు అయింది, రెక్క అయింది. మూతి, గడ్డం అంతా నూనె. అట్లా తలెత్తేసరికి కౌంటర్ దగ్గర మామ, ఆయన వెనక ఖాదర్.

నోట్లో ముక్క ఉంది. మింగలేను, కక్కలేను. మామ నా వైపు చూశాడు, కోడి వైపు చూశాడు. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉన్నా బాగుండేది.

"తిను బిడ్డా. కడుపు నిండ తిను" అని, గిర్రున తిరిగి బయటికెళ్లిపోయాడు.

ఖాదర్ మాత్రం నా దగ్గరికొచ్చి వంగి నెమ్మదిగా చెప్పాడు. "పెద్దాయన నీకోసం కోడి కొననీకే వచ్చినాడప్పా. నా చేతి అన్నం ఎట్లాగూ తినడు, బయట కోడన్నా తింటాడేమో అన్నాడు. సీలింగు మాట నేనేదో నవ్వులాటకు అంటే వాడు మనసులో పెట్టుకున్నాడు, ఇట్లనే ఇంటికి పోవాల్సొస్తుందేమో అని రాత్రిళ్లు నిద్ర గూడా పోవట్లేదు ఆయన."

చేతులు కడుక్కోకుండానే పరుగెత్తాను. మామ వ్యాన్‌లో ముందు సీట్లో కూర్చుని కిటికీలోంచి అటు చూస్తున్నాడు. కిటికీ దగ్గర నిలబడి మొత్తం కక్కేశాను. క్లినిక్, షుగర్, ఖలాస్, వీడియోలు, దుప్పటి కింద గుడ్లు, అన్నీ.

"గంతేనా?" అన్నాడు.

"గంతే మామా."

"నా మీద కోపం లేదా?"

"నీ మీద నాకెందుకు కోపముంటది?"

"నా మొకం మీద చెప్తే నోరు పడిపోతదా రా? ఇరవై రోజులాయె, నేను నా నోరును తిట్టుకుంటున్న."

తల వంచుకుని నిలబడ్డాను. మామ నా వైపు తిరిగి, "ముందుగాల మూతి తుడుచుకో" అన్నాడు. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. మర్నాటి నుంచి నా డైట్‌ని మామ చేతిలోకి తీసుకున్నాడు. రహస్యం ఇక రహస్యం కాదు, క్యాంపు అంతటికీ ఆయనే చెప్పాడు. టీ కొట్టు కుర్రాడికి ఉర్దూలో వార్నింగ్ ఇచ్చాడు. గోబీ పువ్వును సన్నగా తురిమి, వేయించి, అన్నంలా పళ్లెంలో పోసి నా ముందు పెట్టేవాడు. చూపుకి అన్నమే. నోట్లో పెట్టుకుంటే గోబీ పువ్వే. పక్క రూం వాళ్లు బిర్యానీకి పిలిస్తే నేను పోయే లోపే మామ పోయి, "వానికి పెట్టకుండ్రి, వానికి షుగర్ అస్తది" అని చెప్పి వచ్చేవాడు. దొంగతనంగా డైట్ చేసినప్పుడే సుఖంగా ఉండేది. ఇప్పుడు దొంగతనంగా అన్నం తినే దారి కూడా లేదు.

మామ వెళ్లే ముందు శుక్రవారం వచ్చింది. చివరి వంట. బగారా అన్నం, మటన్. పొద్దున్నే సాజీరా, పుదీనా వాసన వరండా దాకా వచ్చింది. ఖాదర్ కూడా మా రూంలోనే భోజనానికి కూర్చున్నాడు. మామ వరసగా అందరికీ వడ్డించుకుంటూ వచ్చి, నా ప్లేట్‌లో రెండు గంటెల మటన్ వేసి, పక్కన గోబీ తురుము పెట్టి, అన్నం గిన్నెతో ముందుకెళ్లిపోయాడు.

"మామా, ఒక్క గంటె పెట్టు."

"వద్దు."

"ఇయ్యాల ఒక్కరోజే మామా."

"పథ్యమంటే పథ్యమే. డాక్టర్ ఖలాస్ అన్నడు గద."

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన చేతి అన్నం ఇక దొరకదు. ఉన్న ఆఖరి నెలను నేనే 'ఆకలి లేదు' అనుకుంటూ పాడు చేసుకున్నాను. ప్లేట్ చాపిన చేయి అట్లాగే ఉంచాను.

"నేను తినకపోతే నాకు కోపమనుకున్నవ్. ఇప్పుడు నువ్వు పెట్టకపోతే నేనేమనుకోవాలె మామా?"

మామ ఆగాడు. ఒకసారి గిన్నెలోకి చూశాడు. వెనక్కొచ్చి, ఒక గంటె పెట్టాడు. తర్వాత ఏమనుకున్నాడో, ఇంకోటి పెట్టాడు. వేడి అన్నం, మీద మటన్ పులుసు. కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. కళ్లల్లోంచి నీళ్లు కారిపోయాయి. ఆపుదామంటే ఆగలేదు. ఖాదర్ నమలడం ఆపేశాడు.

మామ నా పక్కన కూలబడి, భుజం మీద చేయి వేశాడు. "నేనేమన్న సస్తున్ననా రా, ఊరికి పోతున్న. నాకోసం గింత ఏడుస్తవా?"

"నీకోసమే మామా" అన్నాను, రెండో ముద్ద కలుపుకుంటూ. మొదటి ముద్దకు వచ్చిన కన్నీళ్లు మాత్రం అన్నానివే అని, ఆయన ఊరు చేరి ఇన్ని రోజులైనా ఫోన్‌లో చెప్పడానికి నాకు ధైర్యం రావడం లేదు.