కాంతమణి గారి ఏడు సీసాలు

బోయిన్‌పల్లి నుంచి మౌలాలి గుట్టకు పోదామని బయల్దేరినవాణ్ణి లాలాగూడలో ఆగిపోయాను. నాకు లిఫ్టిచ్చిన విజయేందర్ కారు మలుపు తిరిగినప్పుడల్లా మూలుగుతోంది. మార్కెట్ దగ్గర సన్నగా మొదలైన ఆ మూలుగు, రైల్వే క్వార్టర్ల సందులోకి వచ్చేసరికి దూడ అరుపంత అయింది. స్టీరింగ్ తిప్పడానికి అతను సీట్లోంచి సగం లేస్తున్నాడు.

ఎదురుగా తెల్లచీర కట్టుకుని, చంకలో బైబిలుతో చర్చి నుంచి వస్తున్న ఒకావిడ రోడ్డు మధ్యలో నిలబడి చెయ్యెత్తింది.

"ఆపు! ముందు ఇంజను ఆపు బాబూ, తర్వాత మాట్లాడుదువు గానీ."

"ఏమైంది ఆంటీ?"

"నన్నడుగుతావేం? స్టీరింగ్ ఆయిల్లో ఏం కలిపావు?"

విజయేందర్ ఇంజను ఆపి దిగాడు. పొద్దున చూస్తే ఆయిల్ తగ్గి ఉందట. ఇంట్లో బ్రేక్ ఆయిల్ మిగిలుంటే పోశాడట. "ఆయిల్ ఆయిలే గదా అనుకున్న."

"దాహమైతే కిరసనాయిలు తాగుతావా? అదీ ద్రవమేగా!"

గుర్రం దగ్గు విని, అది ఏ ఊరి నీళ్లు తాగిందో చెప్పేసేవాళ్ల గురించి పాత ప్రయాణాల పుస్తకాల్లో చదివాను. గొప్పలు రాసుకున్నారనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను.

ఆవిడ బానెట్ ఎత్తించి, ఆయిల్ డబ్బాలో వేలు ముంచి, నలిపి, వాసన చూసింది. "లోపలుండే రబ్బరు సీళ్లు దీనికి ఉబ్బిపోతాయి. ఇలాగే తిప్పావంటే పంపూ పోతుంది."

విజయేందర్ మొహం వాడిపోయింది. అతను రోజూ పొద్దున ఆరింటికి నలుగురు టీచర్లను ఎక్కించుకుని మేడ్చల్ అవతలి బడికి చేరుస్తాడు. బతుకంతా ఆ ట్రిప్పు మీదే. "పోయిన నెల రెండు దినాలు పోలేదు ఆంటీ. ఇంకోపారి రాకుంటె వేరే బండి చూస్కుంటమన్నరు. రేపు సోమవారమాయె."

"అయితే తొయ్యి. నాలుగిళ్లవతలే మా ఇల్లు. అన్నయ్యగారూ, మీరూ ఓ చెయ్యి వెయ్యండి."

ఆవిడ పేరు కాంతమణి. భర్త అబ్రహాం ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఉద్యోగంలో ఉండగానే పోయాడు. ఆ ఉద్యోగం ఈవిడకిస్తూ, ఫైళ్లు మోసే పని చూసుకోమన్నారట. స్పానర్లు మోస్తానందట. అందరికంటే కింది మెట్టు ఖలాసీగా చేరి, ఫిట్టరై, ముప్ఫై ఏళ్లు చేసి రెండేళ్ల కిందట రిటైరయింది. ఇదంతా కారు తోస్తూ, ఆయాసపడకుండా చెప్పింది. ఆయాసం నాది.

వాకిట్లోకి రాగానే చీర మీద పాత ఖాకీ కోటు తొడుక్కుంది. విజయేందర్‌ని డబ్బా మూత మీద రాసున్న పేరు చదివించి, అదే రకం ఆయిల్ రెండు లీటర్లు తెమ్మని పంపింది. ఈలోగా ముందు చక్రాలు జాకీతో లేపి, కింద పాత రైలు స్లీపరు చెక్కలు పెట్టింది. పెద్ద సిరంజితో డబ్బాలోదంతా లాగేసింది. ఆయిల్ డబ్బాకు తిరిగొచ్చే పైపును ఊడదీసి, దాని మూతిని ఖాళీ పచ్చడి సీసాలో పెట్టి, డబ్బా రంధ్రానికి బిరడా కొట్టింది.

"ఇంజను ఆఫ్‌లోనే ఉండాలి. మీరు స్టీరింగ్ ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తిప్పుతుండండి అన్నయ్యగారూ. చివర్లో అదిమిపట్టకండి. నేను పైన కొత్తది పోస్తుంటాను. డబ్బా ఖాళీ అయి గాలి దూరిందంటే మళ్లీ మొదటికే."

విజయేందర్ ఆయిల్ తేగానే నేను తిప్పాను. మొదటి సీసా నల్లగా, తెల్లటి మబ్బుతో నిండింది. రెండోది ఇటుక రంగు. నిండినవాటిని నిండినట్టే గోడ మీద వరసగా పెట్టించింది. అయిదో సీసా ఎర్రగా కనబడేసరికి విజయేందర్‌కి ప్రాణం లేచొచ్చింది.

"చాలాంటీ! మంచిగనే ఉన్నది గదా."

ఆవిడ అయిదోదాన్నీ నాలుగోదాన్నీ పక్కపక్కన ఎండకెత్తి పట్టుకుంది. "ఆఖరి రెండూ ఒక్క రంగులో ఉంటేనే అయినట్టు. ఉన్నాయా?"

లేవు.

"చేరిన కొత్తలో నేనూ చాల్లే అన్నాను. మా మేస్త్రీ నరసరాజు గారు ఒక్క మాటనలేదు. తిండి మానేసి, నేను బిగించిందంతా విప్పి మళ్లీ బిగించారు. నన్ను పక్కన నిలబెట్టి. తిట్టుంటే మర్చిపోయేదాన్ని."

కానీ తెచ్చిన ఆయిల్ అయిపోయింది. ఆదివారం, ఉన్న ఒక్క షాపూ మధ్యాహ్నానికే మూసేశారు. విజయేందర్ చక్రం పక్కన చతికిలబడ్డాడు. "ఇగ రేపు కాదు. అయిపాయె."

కాంతమణి షెడ్డులోకి వెళ్లింది. అక్కడ అబ్రహాం కొన్న పాత కారు, దాని వెనక అరలో సీలు విప్పని లీటరు డబ్బా. అదే రకం.

"అది మీ బండికి తెచ్చుకున్నది గదా ఆంటీ."

"నా బండికి రేపు ఆరింటికి బడి లేదు." సీలు తెంపేసింది.

ఆరో సీసా దానిమ్మరసంలా వచ్చింది. ఏడోదీ అంతే. రెండింటినీ ఎండకెత్తి చాలాసేపు చూసి, పైపు మళ్లీ బిగించింది. ఆయిల్ గుర్తుదాకా పోసి, ఇంజను వేయించి, నురగ పోయేదాకా మెల్లిగా తిప్పించి, చక్రాలు నేలకు దించింది.

"ఇప్పుడు రెండు వేళ్లతో తిప్పు."

తిరిగింది. మూలుగు లేదు.

"వారంపాటు పొద్దున్నే బండి కింద చూసుకో. చుక్క కనబడితే సీళ్లు చెడ్డట్టే, వెంటనే రా."

బానెట్ లోపలివైపు సుద్దముక్కతో తేదీ వేసి, కింద ఓ అంకె రాసింది. అదేంటమ్మా అన్నాను.

"టికెట్ నంబరు. వర్క్‌షాపులో ఒక్కో పనివాడికీ ఒకటిస్తారు. ఇది మా ఆయనది. ఆయన పోయాక అడిగి నా పేర వేయించుకున్నా. పని చేసిందెవరో తెలియాలిగా, రేపు తేడా వస్తే తిట్టడానికి!"

విజయేందర్ ఆనందం పట్టలేక బండిని సందు చివరిదాకా పోనిచ్చి, గిర్రున తిప్పుకొచ్చాడు. దిగి, దండం పెట్టబోయి, చుట్టూ చూశాడు. ఖాకీ కోటు గేటుకు వేలాడుతోంది. మరక లేని తెల్లచీర అప్పటికే మలుపు దగ్గరుంది, చంకలో బైబిలు, సాయంత్రం ప్రార్థనకు వేళయినట్టుంది.

విజయేందర్ హారన్ కొట్టాడు. ఆవిడ వెనక్కి తిరగలేదు.