నడిమి ఆకు

మా ఎంబ్రాయిడరీ మిషన్ ఆ డిజైన్ కుట్టేటప్పుడు ఒకచోట ఆగుతుంది. కాడ కుడుతుంది, ఎడమ ఆకు కుడుతుంది, కుడి ఆకు కుడుతుంది. నడిమి ఆకు మొదలుపెట్టే ముందు సూది పైకి లేచి ఊరికే నిలబడిపోతుంది. బటన్ నొక్కితే గాని మళ్ళీ కదలదు. అది మిషన్ లోపం కాదు. ఆ డిజైన్ చేసిన మనిషి దారం ఒకసారి చూసుకోవడానికని అక్కడ ఆపు పెట్టుకున్నాడు. మనిషి పోయాడు, ఆపు అలాగే ఉంది. షాపులో ఒంటరిగా ఉన్నప్పుడు అది ఆగితే నేను వెంటనే బటన్ నొక్కను. వెనక్కి తిరిగి కూడా చూడను.

షాపు దుబాయ్‌లో, డేరా అనే పేటలో ఉంది. కంపెనీ యూనిఫాంల మీద పేర్లు, హోటల్ తువ్వాళ్ళ మీద గుర్తులు, స్కూలు బ్యాడ్జీలు కుడతాం. బొమ్మను కంప్యూటర్లో కుట్టు కుట్టుగా దిద్ది మిషన్‌కు అర్థమయ్యేట్టు చెయ్యడాన్ని మా పనిలో పంచింగ్ అంటారు. ఆ పని కాకది. మా వైపు బాబాయిని కాక అంటాం, ఈయన సొంత కాక కాదు. వేములవాడ దగ్గరి మనిషి, మా ఊరికి పక్క మండలం. షాపులో అందరికీ ఉస్తాద్, నాకు ఒక్కడికే కాక. దారం ఎక్కించడం దగ్గర్నుంచి పంచింగ్ దాకా నాకు నేర్పింది ఆయనే. తిట్టేవాడు, తిట్టిన రోజు చాయ్ తనే పోయించేవాడు.

2020 మొదట్లో పచ్చ చొక్కాల ఆర్డర్ ఒకటి వచ్చింది. తెచ్చింది అమెరికన్ మేడమ్, అరవై దాటిన మనిషి, ఇక్కడ ఏదో స్కూల్లో టీచరు. ఆమె చదివిన కాలేజీ టీమును అక్కడ 'ఐరిష్' అని పిలుస్తారట. ఫుట్‌బాలే గాని మనం అనుకునే ఫుట్‌బాల్ కాదు, బంతిని చంకలో ఇరికించుకుని ఒకరి మీద ఒకరు పడే ఆట. ఆ కాలేజీలో చదివి దుబాయ్, షార్జా, అబుదాబిల్లో ఉంటున్నవాళ్ళు నలభై మంది దాకా ఆట రోజున ఒక హోటల్లో చేరతారట. అందరూ పచ్చ చొక్కాలేసుకుని టీవీ ముందు కూర్చుని అరుస్తారట. చొక్కాకి గుండె మీద మూడాకుల గుర్తు ఉండాలి, అది ఐర్లండ్ వాళ్ళ గుర్తు అని చెప్పింది.

"మీరందరూ ఐర్లండ్ వాళ్ళా మేడమ్?" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అడిగాను.

ఆమె నవ్వింది. "రక్తం లెక్కన చూస్తే నేనూ ఇంకో ఇద్దరూ. మాలో లెబనాన్ ఆయన ఉన్నాడు, ఫిలిప్పీన్స్ అమ్మాయి ఉంది, మీ ఇండియా ఆయన కూడా ఉన్నాడు. ఆట రోజున మాత్రం అందరూ ఐరిష్షే."

తొందరేమీ లేనట్టు స్టూలు లాక్కుని కూర్చుని ఇంకా చెప్పింది. ఆమె ముత్తాత ఆకలికి తాళలేక ఓడెక్కి అమెరికా వెళ్ళి కాలువలు తవ్విన కూలీ అట. ఆ రోజుల్లో ఐరిష్ అంటే తిట్టేనట. ఎదుటి టీమువాళ్ళు వెక్కిరించడానికి అన్న మాటను వీళ్ళ ఆటగాళ్ళు తీసుకుని నెత్తిన పెట్టుకున్నారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతు కాస్త లేచింది. నాకు ముచ్చటేసింది, కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

ఆమె వెళ్ళాక కాక కంప్యూటర్ మీద నుంచి తలెత్తకుండానే అన్నాడు. "మనల్ని ఊర్ల దుబాయోళ్ళు అంటరు గద కొడుకా. మనం గూడ గట్ల అంగీలు కుట్టిచ్చుకుందమా?"

"గుండెకాడ ఏం బొమ్మ పెడుదం కాకా?"

"కుబ్బూస్ రొట్టె పెట్టు. గది దిని దినే గిట్లయినం."

నవ్వుకున్నాం. నవ్వుకుంటూనే ఆయన ఆకు చేశాడు. మేడమ్ అసలు బొమ్మ పంపిందట గాని అది ముదీర్, అంటే మా మేనేజరు, ఫోన్లోనే ఉండిపోయింది. మా ముదీర్‌కి బొమ్మలు అడ్డంగా కనపడినా నిలువుగా కనపడినా ఒకటే. కాక అడగలేదు. మూడాకులంటే ఏమిటో ఆయనకు వేరే చెప్పాలా? వాళ్ళ ఇంటి పనే రాజన్న గుడి ముందర పత్రి అమ్మడం. ఐర్లండ్ వాళ్ళ ఆకు చిన్నగా, గుండ్రంగా, మన పులిచింతాకులా ఉంటుందని ఈ రోజు నాకు తెలుసు. కాక చేసింది మారేడు దళం. ఆకులు పొడుగ్గా, మొనదేలి, నడిమిది మిగతా రెంటికంటే పైకి నిలబడి ఉంది. నాకు కూడా అనుమానం రాలేదు. నలభై చొక్కాలు కుట్టి, ఇస్త్రీ చేసి, మార్చిలో వాళ్ళు పచ్చ బట్టలేసుకుని చేసుకునే పండగకని డబ్బాల్లో సర్దాం.

ఆ మార్చిలో పండగా లేదు, షాపూ లేదు. కరోనా వచ్చింది, మా వీధులు మూసేశారు.

మేము ఉండేది పార్టిషన్ గదిలో. ఒకే గదిని చెక్కలతో నాలుగు ముక్కలు చేస్తారు, ఒక్కో ముక్కలో ఇద్దరు. కాకా నేనూ ఒక ముక్కలో ఉండేవాళ్ళం. ఆయనకు జ్వరం వచ్చిన రోజే నా పరుపు తీసుకుని వంటింట్లోకి మారాను. ఎవరూ మారమనలేదు, నాకే భయమేసింది. మిగతావాళ్ళు నన్నే చూశారు, ఆయన మీవాడు కదా, నువ్వే చెయ్యాలి అన్నట్టు. అంబులెన్సుకు ఫోన్ చేసింది నేనే. ఊరంతా ఇలాగే ఉంది, వస్తాం గాని టైం పడుతుంది అన్నారు.

మధ్యాహ్నం ఎండ గోడల్లోంచి కొడుతోంది. చెక్క తలుపు అవతల దగ్గు వినపడుతోంది.

"కొడుకా, గొంతెండుతుందిరా. గిన్ని నీళ్ళియ్యి."

కొత్త నీళ్ళ బాటిల్ తీసుకుని తలుపు దాకా వెళ్ళాను. గడియ మీద చెయ్యి పెట్టాను కూడా. తీయలేకపోయాను. బాటిల్ తలుపు బయట నేల మీద పెట్టి వెనక్కి జరిగాను.

"తలుపుకాడ పెట్టిన కాకా. తీస్కో."

"లేవస్తలేదురా."

అక్కడే నిలబడ్డాను. కాసేపు చూసి ఇంకోసారి పిలిచాడు, ఆ తర్వాత పిలవలేదు. ఆయన పిలవడం మానేసినందుకు ఆ క్షణాన నాకు హాయిగా అనిపించింది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాస్తున్నాను. సాయంత్రం అంబులెన్సువాళ్ళు నిలువెల్లా తెల్ల గౌన్లేసుకుని వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. వెళ్తూ నా వైపు చూశాడో లేదో తెలియదు, నేను వాళ్ళ బూట్లు చూస్తూ ఉన్నాను. వాళ్ళు వెళ్ళాక నేల మీద బాటిల్ సీల్ తీయకుండా అలాగే ఉంది.

పది రోజులకు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. దహనం ఇక్కడే చేశారు. మాలో ఎవరినీ రానివ్వలేదు. చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె ఏడుస్తూ ఏడుస్తూ ఒక్కటే అడిగింది.

"నీళ్ళన్న తాగిండా బిడ్డా?"

"తాగిండు చిన్నమ్మా. నా చేతుల మీదనే తాగిండు."

షాపు మళ్ళీ తెరిచాక ముదీర్ కాక కుర్చీ చూపించి, "పంచింగ్ కౌన్ కరేగా? బయటి నుంచి ఎవర్నైనా తేవాలా?" అని నస మొదలుపెట్టాడు. నాకు పని వచ్చని చెప్పినా నమ్మలేదు. నమూనా ఏదీ అన్నాడు. ఆ రోజుల్లోనే మేడమ్ తన చొక్కాల కోసం వచ్చింది. డబ్బా తెరిచి, ఒక చొక్కా పైకి తీసి, ఆ ఆకు మీద వేలు పెట్టి మెల్లగా రాసింది.

"ఎంత బాగా చేశారు! ఎవరి పని ఇది?"

ముదీర్ పక్కనే ఉన్నాడు. కాక పేరు నాలిక చివరి దాకా వచ్చింది. "నేనే మేడమ్" అన్నాను.

ఆ కుర్చీ నాదైంది. ఆ ఏటి నుంచి ప్రతి సీజన్‌కీ ఆర్డర్ వస్తూనే ఉంది. ఒక ఏడు చొక్కాలు, ఒక ఏడు టోపీలు, ఒకసారి గోడకు కట్టే పెద్ద జెండా. డిజైన్ మాత్రం కాక ఫైలే. ఫైలు తెరిస్తే ఆయన చెయ్యి మళ్ళీ మొదలవుతుంది. ఆయన కాడ దగ్గర వేసే చిన్న ముడి, ఎడమ నుంచి కుడికి పోయే తీరు, చివరికి ఆ ఆపు. ఆ ఆపు తీసెయ్యడం రెండు నిమిషాల పని. తీసేద్దామని రెండుసార్లు కూర్చున్నాను. రెండుసార్లూ చెయ్యి రాక ఫైలు మూసేశాను. మిషన్ ఆగినప్పుడల్లా నా వెనక కాక కళ్ళద్దాలు సర్దుకుని దారం వైపు వంగినట్టే ఉంటుంది. ఆయన రాసుకునే బామ్ వాసన కూడా వస్తుంది. ముదీర్‌ని అడిగితే నూనె వాసన అంటాడు.

పోయిన సీజన్ ముందు మేడమ్ వచ్చింది. మొహంలో ఏదో దాచుకున్న నవ్వు. వాళ్ళ గుంపులోకి కొత్తగా అసలు ఐర్లండ్ నుంచే ఒకాయన వచ్చాడట. చొక్కా చూసి, ఇది మా ఆకు కాదే అని పడీ పడీ నవ్వాడట. ఫోన్లో అసలు ఆకు తీసి చూపించింది. ముదీర్ అప్పటికే నా వైపు గుడ్లురిమి చూస్తున్నాడు.

"భయపడకు" అంది మేడమ్. "మార్చుదామా అని అడిగితే ఒక్కరు కూడా ఒప్పుకోలేదు. ఇది మన దుబాయ్ ఐరిష్ ఆకు, ఇలాగే ఉండాలి అన్నారు. ఇది చేసిన మనిషిని చూడాలంటున్నారు. మొదటి ఆటకు నువ్వు రావాలి."

ముదీర్ గుడ్లు చల్లబడ్డాయి. భోజనం కూడా ఉందని విని నాతో పాటు తనూ బయల్దేరాడు.

రాత్రి ఏడున్నరకు వెళ్ళాం. హోటల్ హాలంతా పచ్చ. నలభై గుండెల మీద కాక ఆకు. గుడి ముందర బుట్టల్లో ఉండాల్సినది ఇక్కడ బీరు గ్లాసుల మధ్య తిరుగుతోంది. ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది, దాని వీపుకు పచ్చ చొక్కా తొడిగి ఉంది. ఆట మొదలయ్యే ముందు ఒక్కొక్కరే వచ్చి ఆ చొక్కా భుజాన్ని తాకి పోతున్నారు. తమలో పోయినవాళ్ళ కోసమని మేడమ్ చెప్పింది. ఆమె ముత్తాతతో కాలువలు తవ్విన కూలీలు ఎందరో అక్కడే పోయారట, ఎవరి పేర్లూ ఎక్కడా రాయలేదట. అందుకే తాము ఒక్కరిని కూడా మరిచిపోమంది. ఆ చొక్కా కూడా నేను కుట్టిందే, దేనికో తెలియకుండా. ఏసీ గాలికి దాని చెయ్యి కొద్దిగా ఊగింది.

ఆమె నన్ను ముందుకు తీసుకెళ్ళి నిలబెట్టి, "మన ఆకు చేసింది ఈయనే" అంది. నలభై మంది లేచి చప్పట్లు కొట్టారు. ఈలలు వేశారు. నేను ఆ కుర్చీ వైపే చూస్తున్నాను. చప్పట్లు ఆగుతాయేమోనని చూశాను, ఆగలేదు. చెవులు మూసుకోవాలనిపించింది.

"నేను కాదు" అన్నాను. మొదటిసారి ఎవరికీ వినపడలేదు. మళ్ళీ గట్టిగా అన్నాను. "నేను చెయ్యలేదు. మా ఉస్తాద్ చేశాడు. కరోనాలో పోయాడు. మీకు అబద్ధం చెప్పాను."

చప్పట్లు ఆగిపోయాయి. ముదీర్ ప్లేటు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉండిపోయాడు. తిరిగి వచ్చేటప్పుడు కార్లో వాడు ఖలాస్, వదిలెయ్ అన్నాడు, షాపులో నా పంచింగ్ కుర్చీ సంగతి ఎత్తలేదు. ఆ హాల్లో నిలబడ్డప్పుడు మాత్రం అంతా పోయిందనే అనుకున్నాను. మేడమ్ నా మొహంలోకి చూసి ఆయన పేరేమిటని అడిగింది. చెప్పాను. ఆమె ఆ పేరు పలికింది, వెనక నలభై మందీ తమకొచ్చినట్టు పలికారు. తర్వాత మళ్ళీ వరస కట్టి, ఒక్కొక్కరే వచ్చి కాక కోసం ఆ భుజాన్ని తాకారు. ఇన్నేళ్ళలో ఆయన కోసం నలుగురు ఒకచోట చేరడం అదే మొదలు. చివర నా వంతు వచ్చింది. గుడ్డ చల్లగా ఉంది.

మేడమ్ నా పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "చివర్లో ఆయన దగ్గర ఎవరైనా ఉన్నారా?"

ఒక నిజం చెప్పాక రెండోది చెప్పడం సులువని అనుకుంటాం. నోరు తెరిచాను.

"నేనున్నాను మేడమ్. నీళ్ళు నేనే తాగించాను."

ఆమె కళ్ళు నిండాయి. నా కుడి చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. బాటిల్‌ని తలుపు బయట పెట్టింది ఆ చేత్తోనే. వెనక్కి తీసుకోలేదు, టీవీలో ఆట మొదలయ్యేదాకా ఆమె చేతుల్లోనే ఉంచాను.