ఆ పేరా త్రివేణిదే

బోధన్ బస్టాండు వెనక సందులో చంద్రయ్య మోటార్ వైండింగ్ దుకాణం ఉంది. కాలిపోయిన పొలం మోటార్లకు కొత్త రాగితీగ చుట్టి ప్రాణం పోయడం ఆయన పని. మేడమీది గదిలో కూతురు త్రివేణి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంటుంది. చూసినవాళ్లు నెమ్మదైన పిల్ల అనుకుంటారు. ఎక్కడి నెమ్మది! కడుపులో కుంపటి పెట్టుకుని తిరిగే మనిషి.

ఆ కుంపటి రాజేసినవాడు అఖిలేష్, హైదరాబాద్ కంపెనీలో ఒకప్పుడు ఆమె పైఅధికారి.

ఇంటర్నెట్‌లో కొన్ని సమాచారపు ముక్కలుంటాయి. పంపినవాడు పంపి ఊరుకుంటాడు, చేరిందా లేదా అని అడగడు. పొలంలో మోటారు స్టార్టర్ వంటి చిన్న యంత్రాలకు ఆ పద్ధతే తేలిక. ఆ ముక్కల్ని దారిలో ఎవడూ చదవకుండా, మార్చకుండా తాళం వేయడానికి ఒక ప్రమాణం తయారవుతోంది. దాని ముసాయిదాను దేశదేశాల ఇంజనీర్లు అందరికీ కనిపించేలా మెయిళ్లలో వాదించుకుంటూ సవరిస్తారు. ఎవరైనా ప్రశ్న వేయవచ్చు, రాసినవాడు జవాబు చెప్పి తీరాలి. కంపెనీ తరఫున ముసాయిదా సంపాదకుడిగా పేరు అఖిలేష్‌ది, చాకిరీ త్రివేణిది.

అందులో ఆమె ఒక పేరా రాసింది. యంత్రం మేలుకోగానే సర్వర్‌ను పలకరించకూడదు, కాసేపు ఆగాలి, అదీ ఒక్కో యంత్రం ఒక్కోలా ఆగాలి అని. ఎందుకన్నది రాయలేదు, ఆమెకది అంత మామూలు సంగతి. బోధన్ చుట్టుపక్కల రైతు, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడిచేలా స్టార్టర్ మీటను ‘ఆటో’కు తిప్పి ఇంటికి పోతాడు. ఊరంతా అదే పని చేస్తుంది. కరెంటు రాగానే మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ కూలబడుతుంది, మోటార్లు కాలుతాయి. చిన్నప్పటినుంచీ ఆమె తిన్న అన్నం ఆ కాలిన మోటార్లు పెట్టిందే.

పేరా ముసాయిదాలోకి ఎక్కింది, అఖిలేష్ పేరుతో. ఇదేమిటని అడిగితే అందరి ముందూ నవ్వేశాడు. “త్రివేణి టైపింగ్‌లో బాగా హెల్ప్ చేసింది,” అన్నాడు.

పేరు పోతే పోయింది, ఆ టైపింగ్ మాట మాత్రం ఆమెకు ఎముకల్లో దిగింది. ఉద్యోగానికో దండం పెట్టి బోధన్ వచ్చేసింది, ఇంటి నుంచే వేరే కంపెనీ పని చూసుకుంది.

“ఎందుకు రాసినవని వాడు ఒక్కపారి గూడ అడగలే బాపు,” అంది తండ్రితో. “అడగకుంటనే తనది చేస్కున్నడు. ఎవలో ఒకలు వాన్ని అడగకపోతరా?”

ఎవరో దాకా ఎందుకు, తనే అడిగింది. చెరుకు కొట్టే రోజుల్లో ముసాయిదా మళ్లీ సవరణకు వచ్చింది. అందరూ చదివే మెయిల్లో త్రివేణి ఒకే ప్రశ్న వేసింది: ఈ ఆలస్యం ఎందుకు?

మధ్యాహ్నం వీడియో సమావేశంలో అధ్యక్షురాలు ఆ ప్రశ్నను అఖిలేష్ ముందు పెట్టింది. భద్రత కోసం, అన్నాడు. ఎలాగని ఒకాయన అడిగాడు. పరిశోధనలున్నాయి, అన్నాడు. ఏవని ఇంకొకాయన అడిగాడు. అఖిలేష్ నీళ్లు తాగాడు. ఎండన పడి వచ్చి చల్ల తాగినట్టుంది త్రివేణి ప్రాణానికి.

కారణం ఇంకెవరికైనా తెలుసా అని అధ్యక్షురాలు అడిగింది. అప్పుడే చంద్రయ్య చాయ్ పట్టుకుని పైకొచ్చాడు.

“గాళ్లేం అడుగుతున్నరు బిడ్డా?”

“నేను రాసిందే. ఎందుకు రాసిండ్రు అంటున్నరు.”

“నీకు ఎర్కనే గద. చెప్పు.”

“చెప్పను. చెప్తే వాడు బతికిపోతడు.”

ఆమె మైకు తెరవలేదు. కారణం లేని పేరా ఎందుకని కొట్టేశారు. అఖిలేష్ ముఖం నల్లబడి స్క్రీన్ మీద నుంచి మాయమైంది. త్రివేణి సాయంత్రం వేడి జిలేబీ తెచ్చి బాపుకు తినిపించింది. ఆయన తిని దుకాణంలోకి దిగిపోయాడు.

ఎండాకాలం వచ్చింది. ఫోనుతో నడిచే స్టార్టర్లు అమ్మే ఒక కంపెనీ, సవరించిన ముసాయిదా ప్రకారం తన యంత్రాల్లో ఆ ఆగడం తీసేసింది. ఆ స్టార్టర్లను నమ్మకంగా చెప్పి రైతులకు బిగించింది చంద్రయ్యే. ఒకరోజు గాలిదుమారానికి కరెంటు పోయి, తిరిగి వచ్చింది. స్టార్టర్లన్నీ ఒక్కసారే సర్వర్ తలుపు కొట్టాయి. జవాబు రాకపోతే మళ్లీ ఒక్కసారే కొట్టాయి. సర్వర్ చేతులెత్తేసింది. వోల్టేజీ చూస్తే సగమే, ఫోనులో ఆపబోతే ఆగక మోటార్లు ఆ సగంతోనే తిరిగి కాలిపోయాయి.

మర్నాడు కాలువ కింద చెరుకు వేసే బ్రహ్మానందం ట్రాలీలో మోటారు తెచ్చి దించాడు. తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం.

“ఫోన్లో ఆపమని నొక్కుతూనే ఉన్నాను చంద్రయ్యా, ఉలకదు పలకదు. నువ్వు బిగించావు కదా అని నమ్మాను.”

చంద్రయ్య తల దించుకున్నాడు. ఆయన ఎవరి ముందైనా తల దించుకోవడం త్రివేణి ఎప్పుడూ చూడలేదు. వెనకాలే ఇంకో ట్రాలీ వచ్చి ఆగింది.

“గా ఆగుడు ముచ్చటేనా, నువ్వు ఆనాడు చెప్పనంటివి?” అని మెల్లగా అడిగాడు కూతుర్ని.

“అదే బాపు.”

“రాయి వాని మీదికి ఇసిరినవ్ బిడ్డా. తాకింది నాకు.”

త్రివేణి పైకి వెళ్లింది. పేరాను మళ్లీ రాసింది. ఈసారి కారణం రాసింది, బోధన్ పేరు రాసింది, తన పేరు రాసింది. ఎవరూ కాదనలేదు. దాన్ని ముసాయిదాలో చేర్చాల్సిన సంపాదకుడు మాత్రం ఇంకా అఖిలేషే.

అతని నుంచి విడిగా మెయిల్ వచ్చింది. “ఆ రోజు సమావేశంలో నువ్వున్నావు. కారణం తెలిసీ ఎందుకు చెప్పలేదు?”

కింద బాపు సుత్తితో మోటారు విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. తప్పు తనది కాదా అంటే తనదే. కానీ ఆ తప్పు ఒప్పుకోవలసింది వీడి దగ్గర కాదు. ఇలా రాసి పంపింది:

“పేరా నాది. మీరు టైపింగ్‌లో హెల్ప్ చేయండి, చాలు.”

తర్వాత కిందికి దిగింది. బల్ల మీద కూర్చున్న బ్రహ్మానందం ముందు నిలబడింది.

“మీ మోటారు కాలింది నా వల్లనే సారు. నేనే చుడత,” అని రాగితీగ అందుకుంది.

చంద్రయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు.