లగ్గం లేని బ్యాంకరు కథ

కొవిడ్ ఆంక్షలు ఎత్తేసిన మరుసటి చలికాలంలో, బహ్రెయిన్‌లో నేను పనిచేసిన బ్యాంకు నన్ను దాతృత్వ విభాగానికి మార్చింది. హోదా సీనియర్ ఆఫీసరు. బ్యాంకు పేరుతో బయటికి వెళ్లే ప్రతి మాటనూ సరిచూసి సంతకం పెట్టడం నా పని. సంతకం లేకపోతే కార్యక్రమం లేదు. స్వచ్ఛంద విరమణ తీసుకునేదాకా ఆ నియమాన్ని ఎవరి మొహమాటానికీ సడలించలేదు.

అస్కర్‌లోని ఒక లేబర్ క్యాంపులో పాటకూ భజనకూ నీడ లేదు. హాలు కట్టించే ప్రతిపాదన మా డైరెక్టరు ముందుంది. ఆయనకు ఆదర్శం పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ బ్యాంకరు ఒకాయన: పేదింట పుట్టి, కొట్లో పనిచేసి, పరాయి దేశంలో బ్యాంకు నడిపి, బతికుండగానే ఆస్తిలో చాలా భాగం కూలీల ఇళ్లకూ బడులకూ ఇచ్చేశాడు. ఆ జీవితాన్ని కార్మికుల చేతే చెప్పించమనీ, అది చూశాకే హాలు సంగతి తేలుస్తాననీ డైరెక్టరు అన్నారు.

క్యాంపులో ఒగ్గుకథ బృందానికి పెద్ద మల్లయ్య, జగిత్యాల వైపు మేస్త్రీ. నేను రాసిచ్చిన చరిత్రకు కథ కట్టి వినిపించాడు. అందులో బ్యాంకరుకు అయిదు రోజుల పెళ్లి జరిగింది. అసలాయన బ్రహ్మచారి, కుదిరిన సంబంధం తప్పిపోయింది. పెళ్లి కొట్టేశాను.

"లగ్గం లేకుంటే మా కథ ఒడువది మేడం. అంత పైసలున్నోనికి పిల్లనిచ్చెటోడు దొరకలేదా?"

"దొరకలేదయ్యా. చచ్చి నూరేళ్లు దాటినవాడికి ఇప్పుడు నన్ను పెళ్లి చెయ్యమంటావా?"

"మీరెందుకు, మేం చేస్తం గద. మీరు సంతకం పెట్టుండ్రి."

పెట్టలేదు. పెళ్లి లేకపోతే జనం మధ్యలో లేచిపోతారనీ, ఖాళీ చాపలు చూసి డైరెక్టరు హాలు ఇవ్వడనీ అతని వాదన. అబద్ధం దొరికినా హాలు పోతుందని నా వాదన. ఒగ్గుకథలో కథకుడి పక్కన వంతపాటగాడు ఉంటాడు. అడ్డు ప్రశ్నలు వేయడం అతని పని. పెళ్లి ఏదని అతని చేతే అడిగించమన్నాను. మల్లయ్య గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

శుక్రవారం ప్రదర్శన. పెళ్లి రావలసిన చోట జనం కదలడం మొదలైంది. వంతపాటగాడు రాజేశం తాళం ఆపాడు.

"ఏందే మల్లన్నా, లగ్గం మింగినవా?"

"పిల్ల రాలేదురా. ఇల్లు కట్టిండు, ఇంట్ల ఉండెటోళ్లు ఎవలు లేరు. గందుకే మనసొంటోళ్లకు ఇచ్చిండు."

"మన కఫీలుకు గూడ పిల్ల తప్పిపోతే బాగుండు" అని వెనకనుంచి ఎవరో తమను వీసా మీద తెచ్చుకున్న యజమాని గురించి అన్నారు. లేచినవాళ్లు నవ్వుతూ మళ్లీ కూర్చున్నారు. నవ్వెందుకని డైరెక్టరు అడిగితే ఉన్నదున్నట్టు అనువదించాను. ఆయన నవ్వలేదు. చివరిదాకా మాత్రం కూర్చున్నారు; హాలు మంజూరు చేశారు.

పెళ్లి కాలేదు కాబట్టే ఆస్తి పంచాడన్న ఆ "గందుకే" నేను ఆమోదించిన ప్రతిలో లేదు, చరిత్రలో దానికి ఆధారమూ లేదు. మర్నాడు మల్లయ్యతో దాని మీదా పోట్లాడాను. తప్పుడు వాస్తవాన్ని కొట్టేయడం సంతకం పెట్టేవారి పని. కొట్టేసిన చోట మిగిలే ఖాళీని చెప్పేవాళ్లూ వినేవాళ్లూ తమకు తోచిన కారణంతో నింపుకుంటారు. దాని మీద ఏ ఆఫీసరుకూ అధికారం ఉండదు.