గడ్డి డ్రైవర్ హనుమండ్లు

మా బావ హనుమండ్లు గురించి నేను మంచి మాట చెప్తానని ఎవరూ ఆశపడకండి. అక్క మొగుడు. పైగా చొప్పదండి బస్టాండు పక్కన నా సైకిల్ షాపులో పొద్దంతా కూర్చుని నా బీడీలే కాల్చేవాడు. బామ్మర్దినన్నాక బావను నాలుగు మాటలు అనే హక్కు నాకుంది. ఇంకెవరైనా అంటే మాత్రం పానా తీసుకుని లేస్తాను.

మా దగ్గర ఎవరు మస్కట్ పోయినా, కువైట్ పోయినా దుబాయి పోయినట్టే లెక్క. ఒకడు ఇటుకలు మోయడానికి పోతాడు, ఒకడు ఒంటెలు కాయడానికి పోతాడు. మా బావ మాత్రం డ్రైవర్‌గా పోయాడు. మస్కట్ నుంచి ఒక ఫోటో పంపాడు. నల్లద్దాలు, తలమీద టోపీ, రెండు చేతులతో ఏవో పట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. ఛాతీ కింద ఏముందో ఫోటోలో పడలేదు. మా అక్క కొమురవ్వ దాన్ని దేవుడి పటాల పక్కన తగిలించి, ఇంటికి వచ్చినవాళ్లందరికీ "మా ఆయన కారు నడుపుతుండు" అని చెప్పుకుంది.

కొన్నేళ్లకు సెలవు మీద ఇంటికొచ్చాడు. వచ్చిన వారానికే కల్లు మండువలో రెండు ముంతలు పడగానే ఉన్న సంగతి కక్కేశాడు.

"కారు కాదే. గడ్డి కోసే బండి. షేకు బంగ్లా సుట్టూ అంతా గడ్డి. పొద్దున లేస్తే దాన్ని కొయ్యాలె, గదే నా డ్యూటీ."

మా వాడకు పెద్దదిక్కు సక్కుబాయి ముంత దించింది. ఆమెకు రెండు బర్రెలున్నాయి, వాటికి మించిన నోరుంది. "షేకుకు ఎన్ని బర్రెలున్నయిరా?"

"ఒక్కటి లేదు."

"మరి కోసిన గడ్డి ఏం చేస్తరు?"

"పారేస్తరు."

మండువలో పడ్డ నవ్వుకు తాటిచెట్టు మీది గీత కార్మికుడు కూడా కిందికి తొంగి చూశాడు. "ఇసుకల నీళ్లు పోసి గడ్డి పెంచి, గది కోసి పారెయ్యనీకి మనిషిని మస్కట్ దాక పిలిపించుకుంటరా? పోరా పో, జర మజ్జిగ తాగి పండుకో" అంది సక్కుబాయి. ఆ రోజు నుంచి మా బావ పేరు గడ్డి డ్రైవర్. నేను కూడా అట్లాగే పిలిచాను. ఎందుకు పిలవను?

సెలవు అయిపోవచ్చింది. జగిత్యాల ఏజెంటు రోజూ కబురు పంపుతున్నాడు. ఒకరోజు షాపులో నేను పంక్చర్ వేస్తుంటే మా బావ గోడవైపు తిరిగి ఏడవడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ డాబులే కొట్టేవాడు ఒక్కసారిగా ఏడిస్తే నేనే బీడీ కట్ట అతని ముందుకు జరిపాను.

"నాకు పోబుద్ధయితలేదు బామ్మర్ది. ఆడ ఎనిమిది మందిమి ఒక్క అర్రల పంటం. మాట్లాడుదామంటే మనిషుండడు, గా బండితోని మాట్లాడేటోన్ని. ఈడ్నే ఏదన్న నౌకరి దొరికితే మీ అక్క కాళ్లకాడ పడుంట."

మా అక్కదీ అదే మాట. పైకి అనలేదు గానీ, ఏజెంటు మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా చీపురు గట్టిగా కొట్టి ఊడ్చేది.

అట్లాంటి సమయంలో మా ఊరి కరుణాకర్‌రావు దొరకు గడ్డి పిచ్చి పట్టింది. మండలాలు కొత్తగా పెట్టిన రోజులవి. మండలాధ్యక్షుడి ఎలక్షన్లో నిలబడాలని దొర ఉబలాటం. హైదరాబాదులో ఎవరో నాయకుడి ఇంటి ముందు పచ్చగా పరుపు పరిచినట్టు గడ్డి చూసి వచ్చాడు. తన బంగ్లా చుట్టూ నాలుగెకరాల జాగా ఉంది, అందులో మోకాలెత్తు గడ్డి ఉంది. వాళ్ల బాపు కాలం నుంచి మా వాడ ఆడవాళ్లే ఆ గడ్డి కోసుకుని బర్రెలకు వేసేవాళ్లు. దొరకు ఖర్చు లేకుండా జాగా శుభ్రం, మా బర్రెలకు కడుపు నిండా మేత. మా బావ పంపిన డబ్బు ఏజెంటు బాకీకే పోతుంటే, అన్నేళ్లూ మా అక్క ఇల్లు నడిపింది ఆ గడ్డి తిన్న బర్రె పాలతోనే.

దొర మా బావను పిలిపించాడు. "మస్కట్ల నువ్వు నడిపిన బండి అసొంటిది మనం తెద్దాం. ఏరేది నువ్వే, నడిపేది నువ్వే. నెలకు జీతమిస్త."

మా బావ అక్కడే దొర కాళ్లు మొక్కాడు. ఆ రాత్రి మా అక్క కోడిని కోసింది. గడ్డి సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. తెలివిగలవాళ్లం కదా!

బండి ఏరడానికి హైదరాబాదు పోయాం. దొర జీపు నడిపేది ఖాసిం భాయ్. మధ్యలో ఆగిపోతే నెట్టడానికి నేను. మొదటి దుకాణంలో వెనక నడుస్తూ నెట్టుకుపోయే మిషన్ చూపించారు. దొర ముఖం మాడ్చుకున్నాడు. "దీని ఎనుక నడుస్తే నాగలికీ దీనికీ తేడా ఏముంది? కూసునేది కావాలె." ఇంకోచోట ఎద్దులకు కట్టి లాగించేది ఉందన్నారు. ఎద్దు గడ్డిలో నడుస్తూ గడ్డి తినకుండా ఉంటుందా అని నేనడిగాను. దుకాణపాయన నాతో మాట్లాడడం మానేశాడు.

చివరికి సికింద్రాబాదులో, విదేశాలవాళ్లు వదిలేసి పోయిన సామాన్లమ్మే షెడ్డులో రెండు దొరికాయి. ఒకటి ఎర్రది. నిగనిగలాడుతోంది, ముందర లైట్లు, మెత్తటి సీటు, కారుకున్నట్టు స్టీరింగు. రెండోది పసుపుపచ్చది. రంగు సగం ఊడింది, స్టీరింగే లేదు, రెండు పిడులున్నాయి. దొర పోయి ఎర్రదాని మీద కూర్చున్నాడు.

మా బావ పసుపుదాని కింద వెల్లకిలా పడుకున్నాడు. "బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తం, పొదుగు చూస్తం. దీనికి కడుపు కింద సూడాలె దొరా, రంగు కాదు." కత్తుల మీది ఇనుప డొప్పను రాయితో కొట్టాడు. ఎర్రది నూనె డబ్బాలా డబడబమంది. పసుపుది ఖంగుమంది. చక్రాల ఇరుసులు తిప్పి చూశాడు, గ్రీసు పెట్టే చోట్లు లెక్క చూసుకున్నాడు, అతుకులు వేలితో తడిమాడు. "గా ఎర్రది ఒక్క రాయి తగిల్తే మంచం పడ్తది. చెట్టుకాడ మలుపాలంటే ఎడ్లబండి లెక్క సుట్టు తిరగాలె. గిది ఉన్నకాడ్నే గిర్రున తిరుగుతది. ఇంకా బడికి సుత పోని నా బిడ్డ పెండ్లయి, దాని పిల్లలు బడికి పోయేదాక నడుస్తది."

ఆ మాటతో నాకు అర్థమైంది. అతను చూసేది బండి ఎన్నేళ్లు నడుస్తుందని కాదు, తాను ఎన్నేళ్లు ఇంటి దగ్గర ఉంటాడని.

ఇక బేరం. దొర పశువుల అంగట్లో చేసినట్టు తువాలు కప్పి దుకాణపాయన చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కుతూ ధర చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పట్నం మనిషి అదిరిపడి చెయ్యి లాక్కున్నాడు. వేలికున్న ఉంగరం ఉందో లేదో చూసుకున్నాడు. ఖాసిం భాయ్ నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు.

పసుపు బండి లారీలో వచ్చి దిగిన రోజు ఊరంతా వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మా బావ నల్లద్దాలు పెట్టుకుని ఎక్కాడు. ఒక పిడి ముందుకు, ఒక పిడి వెనక్కి. బండి ఉన్నచోటే గిర్రున తిరిగింది. పిల్లలు ఈలలు వేశారు. మా అక్క ముఖం చూడాలి. కల్లు మండువలో నవ్వినవాళ్లందరినీ ఒక్కొక్కరినే తిరిగి చూసింది.

సాయంత్రానికి సక్కుబాయి, మిగతా ఆడవాళ్లు గంపలతో వచ్చారు. గడ్డి ఎక్కడిది? నేలమీద పచ్చటి పొట్టు. గంపల్లోకి ఎత్తుకుపోయి వేస్తే బర్రెలు వాసన చూసి బుస్సుమని ముఖం తిప్పేశాయి. పొట్టంతా పెట్రోలు కంపు. మా అక్క బర్రె అయితే తొట్టినే కొమ్ముతో తోసేసింది.

పది రోజుల్లో వాడలో పాలు సగమయ్యాయి. బోరింగు కాడ తిట్లు మొదలయ్యాయి. "బర్రెల నోటికాడి కూడు కొట్టిండు, వాని చేతులు పడిపోను" అని ఒకరంటే, "షేకుల బుద్ధి తెచ్చి మన నెత్తిన పెట్టిండు" అని ఇంకొకరు. మా అక్క బిందె నింపుకుని తల వంచుకుని వచ్చేది. కాలువ గట్టు దాకా నడిచి, ఇంత గడ్డి కోసుకుని చీకటి పడ్డాక తిరిగొచ్చేది. మొగుణ్ని ఒక్క మాట అనలేదు. అంటే మళ్లీ మస్కట్ పోతాడని భయం.

ఒకరోజు అతనే అడిగాడు. "ఏం చెయ్యమంటవే?"

"నువ్వు ఈడ్నే ఉండాలె. బర్రెకు గడ్డి సుత ఉండాలె."

"అవ్వా కావాలె బువ్వా కావాలె అంటే ఎట్లనే?"

"నాకేం ఎరుక? దుబాయి సూసొచ్చినోనివి నువ్వు."

మా బావకు ఒక ఉపాయం తట్టింది. అతని ఉపాయాల గురించి ముందే హెచ్చరించాల్సింది, మర్చిపోయాను. బండి చెడిపోతే కొన్నాళ్లు గడ్డి పెరుగుతుంది, బాగుచేస్తూ కూర్చుంటే జీతమూ ఆగదని లెక్క. కంకర రాళ్ల మీదికి తోలాడు. రాళ్లు ఎగిరిపోయి దొర కిటికీ అద్దం పగిలింది గానీ కత్తికి సొట్ట పడలేదు. మొద్దుకు గుద్దాడు, మొద్దు విరిగింది. అంత గట్టిదాన్ని ఏరింది ఎవరు మరి? "నీ అసొంటి పనిమంతుడు లేడు పో బావా" అన్నాను. ఆ రోజు అతను నా బీడీ కూడా ముట్టలేదు.

ఇక దారిలేక, తెల్లారి ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకుని దొర ముందుకు పోయాడు. నేనూ పోయాను. డాబు లేకుండా అతను మాట్లాడగా వినడం నాకు అదే మొదటిసారి.

"దొరా, బాయి ఎనుక సగం జాగల గడ్డి వీళ్లకు ఇడిచిపెట్టుండ్రి. ముందటి సగం నేను మంచిగ కోస్త. లేకుంటే నేను బండి ఎక్క."

దొరకు ఒళ్లు మండింది. "ఎక్కకుంటే మానెయ్‌రా! రెండు పిడులు గుంజనీకి నువ్వే కావాల్నా?" అంటూ ధోతి పైకి కట్టి, తానే ఎక్కి కూర్చుని ఇంజను పెట్టాడు. కత్తులు తిప్పే పుల్ల లాగలేదు, అందరం బతికిపోయాం. ఒక పిడి ముందుకు నెట్టాడు, ఇంకోటి వెనక్కి గుంజాడు. బండి గిర్రున తిరిగింది. దొర భయపడి రెండు పిడులూ ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. బొంగరం కూడా అంత వేగంగా తిరగదు. పై కండువా ఒక దిక్కు, ఒక చెప్పు ఇంకో దిక్కు ఎగిరిపడ్డాయి.

"హనుమండ్లూ! ఆపురా!"

చేతులు వదిలేస్తే బండి ఆగుతుంది. ఆ సంగతి మా బావకు తెలుసు, దొరకు తెలియదు. మా బావ చేతులు కట్టుకుని వినయంగా నిలబడ్డాడు. "దొరా, సగం గడ్డి?"

"ముందుగాల ఆపురా!"

"సగం గడ్డి దొరా?"

"ఇస్త! ఇస్తరా! అందరి ముందట చెప్తున్న, ఇస్త!"

"చేతులిడువుండ్రి దొరా" అన్నాడు మా బావ.

బండి ఆగింది. దొర దిగి వేపచెట్టు పట్టుకుని కక్కుకున్నాడు. ఆడవాళ్లు నవ్వు ఆపుకోవడానికి కొంగులు నోట్లో కుక్కుకున్నారు. సక్కుబాయి మాత్రం దాచుకోలేదు.

దొర మాట తప్పలేదు. వాడలో ఆడవాళ్ల ఓట్లు చాలా ఉన్నాయి. మా బావది ఒక్క ఓటు. బావి వెనక జాగా వాళ్లకు వదిలేసి, మా బావను రేపటి నుంచి రావద్దన్నాడు. బండి ఖాసిం భాయ్ నడుపుతాడట. పాపం ఖాసిం భాయ్ మా ఇంటికొచ్చి తల వంచుకుని నిలబడితే, మా బావే వెంట పోయి పిడులు ఎట్లా పట్టుకోవాలో నేర్పి వచ్చాడు.

ఏజెంటు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. నెల తిరక్కుండానే మా బావ మళ్లీ మస్కట్ పోవడానికి హైదరాబాదు బస్సు ఎక్కాడు. వాడంతా సాగనంపడానికి వచ్చింది. సక్కుబాయి నెయ్యి డబ్బా తెచ్చి, వద్దన్నా వినకుండా సంచిలో కుక్కింది. కిటికీ దగ్గర నేనూ మా అక్కా నిలబడ్డాం.

"ఓరి బావా! దొర గిరగిర తిరుగుతుంటే ఏదడిగినా ఇచ్చేటోడు గదా. ఈడ్నే నౌకరి ఉంచమని సుత అడగకపోతివి?"

అతను నా ముఖంలోకి చూశాడు. నిజంగానే ఆలోచించాడు.

"యాదికి రాలే బామ్మర్ది."

మా అక్క పక్కున నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. కిటికీ చువ్వ పట్టుకుని, "నేను సుత యాదికి రాలేనా నీకు?" అంది.

"నీ బర్రెకే గదనే అడిగింది" అన్నాడు మా బావ.

కండక్టర్ బెల్లు కొట్టాడు. బస్సు కదిలితే గానీ మా అక్క చువ్వ వదల్లేదు.