పాటల ఫోల్డరు

పాత కంప్యూటరు ఆగిపోయిన వారానికే ఆమె కబురు పంపింది. అద్దంకి దగ్గర మా వదిన పొలంలో ఏటా మిరపకాయలు కోయడానికి వచ్చే ముఠాలో ఆమె ఒకతి. వాళ్ళమ్మ కోతల పాటలు బాగా పాడేది. సెలవుల్లో వెళ్ళినప్పుడల్లా నేను వాటిని రికార్డు చేసుకున్నాను. తల్లి పోయి ఏడాది కావస్తోందని, ఆ గొంతు ఒక్కసారి వినిపించమని ఆమె అడిగింది.

హార్డ్ డిస్కు బాగానే ఉంది. కొత్త లాప్‌టాప్‌కి తగిలిస్తే ఫోల్డరు కనిపించింది. నొక్కితే మాత్రం, దీన్ని తెరవడానికి మీకు అనుమతి లేదంది. ఎండలో గట్ల మీద కూర్చుని నేను పట్టుకొచ్చిన పాటలకి నాకే అనుమతి లేదట. ఒళ్ళు మండింది.

బజారులో కంప్యూటర్లు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్ళాను. గుట్కా నములుతూ చూసి, "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్" అన్నాడు. లోపలివన్నీ పోతాయి కదా అంటే, పాటలేగా, నెట్‌లో బోలెడు దొరుకుతాయన్నాడు. అదేం వద్దని, కాపీ మాత్రం తీసిపెట్టమని చెప్పి వచ్చాను.

మర్నాడు సాయంత్రం వెళ్ళేసరికి పాట రోడ్డు మీదికే వినిపిస్తోంది. బావని ఆటపట్టించే మోటు సరసపు పాట. అతనూ పక్క జిరాక్సు షాపాయనా స్పీకరు పెద్దది చేసి, ఒకే చరణం మళ్ళీ మళ్ళీ వేసుకుని నవ్వుతున్నారు. నన్ను చూసి కూడా ఆపలేదు.

"ముసలమ్మ మామూల్ది కాదు మేడమ్" అన్నాడు.

ఆడవాళ్ళు తమలో తాము పాడుకున్న పాట అది. కాపీ సంగతి కూడా అడక్కుండా డిస్కు తీసుకుని వచ్చేశాను.

ఇంట్లో తగిలిస్తే మళ్ళీ అదే మాట. నేను పనిచేసే స్కూల్లో సైన్సు చెప్పే మేడమ్ రంజాన్ ఉపవాసంలో ఉండి కూడా మా ఇంటికి వచ్చింది. ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్ తెరిచింది. ఓనరు అన్నచోట పేరు లేదు, బారెడు నంబరుంది.

"ఇది ఆ షాపతని అకౌంటండీ. తెరుచుకోడానికి తనే ఓనరైపోయాడు. మీ లాప్‌టాప్‌కి ఆ మనిషెవరో తెలీదు" అంది.

ఎవరో ఎంగిలి చేసిన కంచం చూసినట్టయింది నాకు. ఆమె ఓనరుగా నా అకౌంటు పేరు కొట్టించి, లోపలి ఫైళ్ళన్నిటికీ అదే వర్తించేలా టిక్కు పెట్టించింది. తర్వాత పర్మిషన్లలో నా పేరు చేర్చి ఫుల్ కంట్రోల్ ఇప్పించింది. జాబితాలో ఆ నంబరు ఇంకా ఉంది. ఉన్నా ఇక్కడ ఏమీ చెయ్యలేదని ఆమె చెప్పినా, తీసేసేదాకా నేను ఊరుకోలేదు. పాటలన్నీ తెరుచుకున్నాయి.

ఆదివారం వాటిని ఫోనులో వేసుకుని మా వదిన కల్లం దగ్గరికి వెళ్ళాను. కబురు పంపినామె చేతుల కారం కొంగుకి తుడుచుకుని ఫోను చెవికి ఆనించుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఒకచోట పాట తెగిపోతే వెనక్కి తిప్పమంది. తెగేముందు దగ్గు వినిపించింది.

"అప్పటికే దగ్గుందా మా అమ్మకి? మాకెవరికీ చెప్పలా" అంది.

రికార్డు చేసిన రోజే ఆ దగ్గు నేను విన్నాను. పాట పాడయిందని విసుక్కుని, రికార్డు ఆపేశాను. మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదటినుంచి పాడమని ఆవిడతో అన్నాను. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. ఇంటికొచ్చాక నాకు అన్నం సయించలేదు.