ఉండను పోనివ్వడం

తడ దగ్గర ఒక నూలు మిల్లులో ఆరేళ్లు పనిచేసిన ఫరీన్‌కు ఒక్కటే నూరిపోశారు: దారంలో ఉండ కనిపిస్తే తీసెయ్యాలి. ఆ అలవాటే ఆమె ఎడమ చూపుడు వేలి కొసను తినేసింది. రోలర్ల మధ్య ఇరుక్కున్న దూది ఉండను మిషన్ ఆగకముందే లాగబోయింది. చెయ్యి ఎప్పుడు వెళ్లిందో ఆమెకే తెలియదు. అప్పట్నుంచి తన చెయ్యంటేనే ఆమెకు భయం.

ఇప్పుడు మైపాడులో, పిన్ని చాంద్‌బీ ఇంటి వసారాలో, రాట్నం ముందు కూర్చుంది. నేర్చుకోవాల్సింది ఉండల నూలు. ఒకచోట సన్నం, ఒకచోట లావు, మధ్యమధ్య దర్జీ కొట్టు పీలికలు. గోడకు తగిలించే అల్లికల కోసం నెల్లూరు నుంచి ఎవాంజెలిన్ మేడమ్ అడిగేది అదే. మధ్యాహ్నం ఆమె వచ్చేసరికి కదురు నిండా వడికి చూపిస్తే పని ఫరీన్‌ది. లేదంటే ఇంటికే. దారం పని తప్ప ఆమెకు వేరే పని రాదు.

కుడిచేత్తో చక్రం తిప్పింది. ఎడమచేతిలో దూది ఏకు నూలై సాగింది. ఉండ తేలింది. టక్కున తెంపేసింది.

"మళ్లీనా! పేలు చూస్తా ఉండావా మే?" అంది చాంద్‌బీ.

"నేను తెంపలా ఖాలా. చెయ్యి తెంపింది."

"ఆ చెయ్యి పక్కింటోళ్లదా?"

సాగిన నూలును కదురుకు చుట్టాలంటే చెయ్యి ముందుకు పోవాలి. ఐదోసారి ఉండ వెంటే చెయ్యీ కదురు దాకా పోయింది. కదురు మొన గుచ్చుకుని రక్తం చుక్క తేలింది. ఫరీన్ చెవుల్లో మిల్లు హోరు.

చాంద్‌బీ ముఖంలో నవ్వు పోయింది. "లేయ్‌మే. నాకే బయంగా ఉండాది. మేడమ్‌కి నేను చెప్తాలే, నీ చేత కాదని."

ఆ మాటకు ఫరీన్ ఇంకా భయపడింది. లేవలేదు.

ఇంతలో గేటు చప్పుడైంది. ఎవాంజెలిన్ చెప్పులు విడిచి వచ్చి, సగమే నిండిన కదురును చూసింది. "నువ్వేనా ఫరీన్? ఒకటి నా ముందర వడుకమ్మా."

చక్రం తిరిగింది. ఉండ తేలి కదురు వైపు జరిగింది. వేళ్లు లేచాయి.

"పో," అంది ఫరీన్, కోడిని తోలినట్టు. "పోవే, పో!"

ఉండ జానెడు దూరం వెళ్లి కదురుకు చుట్టుకుంది. చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరినమ్మా తిడుతున్నావు?"

"ఎవర్నీ లేదు మేడమ్."

ఎవాంజెలిన్ ఉండను గోటితో తడిమింది. "బాగుంది. ఇంకోటి."

ఫరీన్ మళ్లీ చక్రం పట్టుకుంది.